ఆరో నంబరు మంచం పిలుపు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో ఒక ఆదివారం, సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్క్ మార్పు పనికి మా కంపెనీ నన్ను పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీర్. ఆసుపత్రి పేరు చెప్పను. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నాలుగంతస్తుల పాత భవనం అది. మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కి, సంచిలో లాప్‌టాప్, కన్సోల్ కేబుల్, మధ్యాహ్నానికి పులిహోర డబ్బా పెట్టుకుని ఒంటిగంటకల్లా చేరుకున్నాను.

ఈ వృత్తి తెలియనివాళ్లకు ఆ రోజు పని ఏమిటో ముందు చెప్పాలి. ఆసుపత్రిలో కంప్యూటర్లు, స్కానింగ్ యంత్రాలు, సీసీ కెమెరాలు, ఫోన్లు అన్నీ స్విచ్‌లకు తగిలించి ఉంటాయి. స్విచ్ అంటే వరసగా రంధ్రాలున్న ఇనుప పెట్టె. ఒక్కో రంధ్రంలోకి ఒక్కో కేబుల్ వస్తుంది. అన్నిటినీ కలగలిపి వదిలేస్తే కెమెరాల రద్దీలో రోగుల రిపోర్టులు ఆలస్యమవుతాయి, ఎవరు పడితే వాళ్లు వాటిని చూసే వీలుంటుంది. అందుకని ఆ ఒక్క పెట్టెనే లోపల కొన్ని గదులుగా విడగొడతాం. ఇలాంటి గదిని వీలాన్ అంటాం. ఒక్కో గదికి ఒక్కో నంబరు. పదో నంబరు గదిలో ఉన్న యంత్రం ఇరవయ్యో నంబరు గదిలో ఉన్నదాన్ని చూడలేదు, దాని మాట వినలేదు. రెండూ మాట్లాడుకోవాలంటే ప్రతి గదికీ ఒక గుమ్మం పెట్టాలి. ఆ గుమ్మం పేరు గేట్‌వే. ఒక గుమ్మంలోంచి వచ్చినదాన్ని సరైన మరో గుమ్మంలోకి పంపడమే రూటింగ్.

ఆ ఆసుపత్రిలో అంతవరకు ఈ పనిని ఒక చిన్న రూటర్ చేస్తోంది. మూడేళ్ల కిందట అంతకుముందున్నదాన్ని తీసేసి దాన్ని పెట్టింది నేనే. ఇప్పుడు ఆసుపత్రి పెరిగింది, రూటర్ తట్టుకోలేకపోతోంది. కొత్తగా కొన్న పెద్ద స్విచ్ తనలోనే రూటింగ్ చేయగలదు. ఐదు వీలాన్లకు ఐదు గుమ్మాలు స్విచ్‌లో పెట్టి, పాత రూటర్‌ను తప్పించాలి. బయటి రోగులు రాని ఆదివారం కనుక రెండు నుంచి నాలుగు గంటల వరకు మాకు సమయం ఇచ్చారు. ఏదైనా తేడా వస్తే పాత రూటర్‌కే తిరిగి వెళ్లే పద్ధతి కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకున్నాను.

సర్వర్ గది సెల్లార్‌లో ఉంది. నాకు తోడుగా ఆసుపత్రి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఖాజా గారు ఉన్నారు. సీతాఫల్‌మండి మనిషి, యాభై దాటిన వయసు, ఆ భవనంలో ఏ వైరు ఎటు పోతుందో చేతివేళ్ల మీద చెప్పగలిగినవాడు. తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. బయట సన్నగా వాన పడుతోంది. ఆదివారం కావడంతో పైన హాలంతా ఖాళీ. లిఫ్టు ఊరికే కిందికీ పైకీ తిరుగుతున్న చప్పుడు తప్ప సెల్లార్‌లోకి ఇంకేమీ వినపడడం లేదు.

ఐదు గుమ్మాలూ అరగంటలో నిలబడ్డాయి. ప్రతి గదిలోంచీ మిగతా గదుల్లోకి పరీక్ష పిలుపులు పంపాను, జవాబులు వచ్చాయి. పని అయిపోయినట్టే. అయితే కొత్త స్విచ్ పాత స్విచ్‌ల నుంచి తెచ్చుకున్న వీలాన్ల పట్టికను చివరిసారి తెర మీదికి తెచ్చినప్పుడు అందులో ఆరు కనిపించాయి. ఆరోదాని నంబరు అరవై. దాని పేరు ఎన్‌సీ4 అని ఉంది. ఆసుపత్రివాళ్లు నాకిచ్చిన జాబితాలో అది లేదు.

వాడుకలో లేని పాత వీలాన్లు స్విచ్‌లలో మిగిలిపోవడం మామూలే. తీసేద్దామనుకున్నాను. తీసేముందు అందులో ఏదైనా బతికి ఉందేమో చూడడం పద్ధతి. ఆ గదిలో నడిచే రద్దీ నకలును నా లాప్‌టాప్‌కు మళ్లించి చూశాను.

ఒకే ఒక్క యంత్రం ఉంది. అది ఒకే ఒక్క ప్రశ్న అడుగుతోంది. నెట్‌వర్క్ భాషలో ఆ ప్రశ్న రూపం ఇది: ఫలానా చిరునామా ఎవరిది, నాకు చెప్పండి. ఫలానా చిరునామా అంటే ఆ గదికి గుమ్మం ఉండాల్సిన చోటు. గుమ్మం లేదు కనుక జవాబు లేదు. నాలుగు సెకన్లు ఆగి మళ్లీ అడుగుతోంది. తెర మీద ఒక్కో వరుసా కిందికి జరుగుతూ ఉంటే నేను కాసేపు చూస్తూ ఉండిపోయాను. వృత్తిలో అలాంటివి వేలు చూసి ఉంటాను. ఆ రోజు మాత్రం చూపు తిప్పుకోవడం ఎందుకో కష్టమైంది. దాని అడగడంలో విసుగు లేదు. ఎన్నాళ్ల నుంచి అడుగుతోందో తెలియదు.

ఇదేమిటో తెలుసా అని ఖాజా గారిని అడిగాను. ఆయనకు తెలియదన్నారు. ఆదివారం కనుక ఆసుపత్రి ఐటీ మనిషి ఫోన్ ఎత్తలేదు. అడుగుతున్నదానికి గుమ్మం ఇస్తే ఎవరితో మాట్లాడాలనుకుంటోందో తెలుస్తుంది, ఆ తర్వాత ఉంచాలో తీసేయాలో నిర్ణయించుకోవచ్చు అని నాకు తోచింది. మూడు వరుసల ఆదేశం. ఇంటర్‌ఫేస్ వీలాన్ అరవై, దాని చిరునామా, తెరువు. ఎంటర్ నొక్కాను.

ప్రశ్న ఆగిపోయింది. ఆ యంత్రం రెండో అంతస్తు వైపు ఏదో పంపింది. నిమిషం కూడా గడవకముందే సర్వర్ గది ఇంటర్‌కామ్ మోగింది.

ఫోన్ చేసింది నర్సింగ్ సూపరింటెండెంట్ పద్మజ గారు. గుంటూరు వైపు ఆవిడ, ఆసుపత్రి పెట్టినప్పటి నుంచీ ఉన్నారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"సుభద్ర గారూ, నాలుగో అంతస్తు నుంచి ఎవరో బెల్ కొడుతున్నారండీ. ఆరో నంబరు మంచం."

వెళ్లి చూడమని చెప్పండి అన్నాను.

"నాలుగో అంతస్తు మూసేసి మూడేళ్లయింది. అక్కడ మంచాలే లేవు."

నేను ఆ కొత్త గుమ్మాన్ని మూసేశాను. మోత ఆగిందని ఆవిడ చెప్పారు. మళ్లీ తెరిచాను. మళ్లీ మోగిందన్నారు. మూడోసారి కూడా అంతే. మూడోసారి మోత మొదలయ్యాక ఫోన్లో ఆవిడ మాట వినపడలేదు, గంట మాత్రమే వినిపించింది. మెత్తని, రెండు స్వరాల గంట. వెనక ఎవరో ఆయమ్మ గొంతు తగ్గించి "ఆయనింకా పిలుస్తనే ఉన్నడు" అంటోంది.

నేను రెండో అంతస్తుకు వెళ్లాను. నర్సుల బల్ల వెనక గోడకు ఒక బోర్డు ఉంది. రోగి మంచం పక్కనున్న బొత్తాం నొక్కితే ఆ బోర్డు మీద అంతస్తు, మంచం నంబరు ఎర్రటి అంకెల్లో వెలుగుతాయి, గంట మోగుతుంది. నర్సు వెళ్లి ఆ మంచం దగ్గరే ఉండే ఆకుపచ్చ బొత్తాం నొక్కితే తప్ప పిలుపు రద్దు కాదు. మనిషి స్వయంగా రోగి దగ్గరికి వెళ్లాలని ఆ ఏర్పాటు. బోర్డు మీద 4 - 6 అని వెలుగుతోంది. పక్కన, పిలిచి ఎన్ని నిమిషాలైందో చూపే చోట 99 అని ఉంది. రెండంకెలకు మించి చూపే వీలు దానికి లేదు.

బల్ల చుట్టూ నలుగురు సిస్టర్లు నిలబడి ఉన్నారు. పద్మజ గారు కుర్చీలో కూర్చుని తన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నారు. నేను పైకి వెళ్లి చూస్తానంటే తల ఊపారు గానీ లేవలేదు.

ఖాజా గారు తాళాల గుత్తి తీసుకుని నాతో వచ్చారు. లిఫ్టు మూడో అంతస్తు వరకే వెళ్తుంది. పై బొత్తాం మీద అట్టముక్క అతికించారు. మెట్ల మీద ఆయన నాకు జరిగింది చెప్పారు. ఆరో నంబరు మంచం మీద ఉన్నది రిటైరైన బడిపంతులు, గుండె జబ్బు మనిషి. మధ్యాహ్నం భార్య భోజనానికి కిందికి వెళ్లి కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ఆయన బొత్తాం పట్టుకుని నొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ అరుస్తూ వరండాలోకి పరుగెత్తాకే రెండో అంతస్తు బల్ల దగ్గర డ్యూటీలో ఉన్న విమల సిస్టర్ వచ్చింది. ఆయన దక్కలేదు. గంట మోగలేదని విమల చెప్పింది. విచారణ కమిటీ రెండో అంతస్తులో బొత్తాం నొక్కి చూసింది, మోగింది. విమల గంటను పట్టించుకోలేదని రాసి ఉద్యోగంలోంచి తీసేశారు. వారానికి నాలుగో అంతస్తు పైకప్పు కారుతోందని వార్డును మూసేశారు. ఆ వారం రోజులూ వార్డులోనే ఒక సిస్టర్‌ను కూర్చోబెట్టడంతో గంట కొట్టే అవసరం ఎవరికీ రాలేదట.

"విమలమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు మేడం," అన్నారు ఖాజా గారు తాళం తీస్తూ. "గీ మాట నేను అప్పుడే చెప్పాలె. నన్నెవరు అడగలే, నేను చెప్పలే."

తలుపు తోస్తే అడుగున దుమ్ము గీరుకుంది. కిటికీలకు అట్టలు కొట్టేశారు. పొడవాటి గది, మంచాలు తీసేసిన చోట నేల మీద చతురస్రాలుగా తేడా రంగు. గోడ నుంచి ఆక్సిజన్ గొట్టాల మూతులు వరసగా బయటికి వచ్చి ఉన్నాయి. వాన నీరు ఎక్కడో ఒక డబ్బాలో పడుతోంది. ఖాజా గారు టార్చి వెలిగించబోతే వద్దన్నాను, ఎందుకంటే అప్పటికే ఒకటి కనిపించింది. గోడ మీద, మోకాలెత్తున, ఆవగింజంత ఎర్రటి వెలుగు.

దగ్గరికి వెళ్లాం. రోగి చేతికి అందేలా వేలాడదీసే బొత్తాం తీగ, గోడ కొక్కేనికి చుట్టి వదిలేసి ఉంది. దాని కొసన ఆ ఎర్ర దీపం. నొక్కిన రోగికి నీ పిలుపు అందుకున్నాం అని ధైర్యం చెప్పడానికి వెలిగే దీపం అది. నాలుగో అంతస్తు కరెంటు మొత్తం కట్ చేయలేదా అని అడిగాను. అదే కరెంటు లైను మీద లిఫ్టు యంత్రం ఉంది, అందుకని చేయలేదన్నారు. అంటే ఆ దీపం మూడేళ్లుగా ఈ మూసిన గదిలో వెలుగుతూనే ఉంది. నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దానికి కారణం నాకు తెలుసు, పద్ధతి ప్రకారం వివరించగలను. అయినా నిక్కబొడుచుకున్నాయి.

ఖాజా గారు ఏదో ప్రార్థన చదువుకుంటూ గోడ మీది ఆకుపచ్చ బొత్తాం వైపు చెయ్యి చాచారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆపాను. పరాయి మగమనిషి చెయ్యి అలా పట్టుకోవడం నా ఉద్యోగంలో అదొక్కసారే.

"నొక్కకండి ఖాజా గారూ. నొక్కితే పిలుపు చెరిగిపోతుంది. ఇది ఎప్పుడు మొదలైందో ముందు చదవాలి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నొక్కిందెవరో తెలుసు గద మేడం," అన్నారు. "ఎన్నింటికి నొక్కిండో తెలిస్తే విమలమ్మకు ఏమన్న ఫాయిదా ఉంటదా?"

ఉంటుందన్నాను. అప్పటికి నాకు సగమే తెలుసు.

కిందికి వచ్చి పిలుపులు నమోదు చేసే కంప్యూటర్‌లో చూశాను. ప్రతి పిలుపుకూ రెండు సమయాలు ఉంటాయి, మంచం దగ్గర నొక్కినది ఒకటి, కంప్యూటర్‌కు అందినది ఒకటి. మామూలుగా రెండూ ఒక్కటే. ఆరో నంబరు మంచం పిలుపు అందిన సమయం ఆ రోజు మధ్యాహ్నం. నొక్కిన సమయం మూడేళ్ల కిందటి మార్చిలో ఒక మధ్యాహ్నం. ఒకటి కాదు, పంతొమ్మిది నొక్కుళ్లు. వార్డు బొత్తాలన్నీ కలిసే పెట్టె, ఇన్నాళ్లూ గుమ్మం కోసం అడిగిన ఆ యంత్రం, ఒక్కటీ పారేయకుండా దాచిపెట్టి, దారి దొరకగానే వరసలో పంపింది. మొదటి రెండింటి మధ్య కొన్ని నిమిషాల ఎడం ఉంది. తర్వాత ఎడం తగ్గుతూ వచ్చింది. చివరికొచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఒక్క పంతొమ్మిదోది మాత్రం విడిగా ఉంది.

ఆ తేదీ చూడగానే నాకు వేరే కాగితం గుర్తొచ్చింది. లాప్‌టాప్‌లో నా పాత పనుల ఫోల్డర్ తెరిచాను. ఆ ఆసుపత్రిలో అంతకుముందున్న రూటర్ తీసి కొత్తది పెట్టిన రోజు అదే. సమయం ఒంటిగంట నుంచి మూడు. అప్పుడు దాచిన నకలు ప్రకారం పాత రూటర్‌లో ఆరు గుమ్మాలు ఉన్నాయి, ఆరోది ఎన్‌సీ4, అంటే నాలుగో అంతస్తు నర్స్ కాల్. నర్సుల పిలుపు వ్యవస్థను వేరే కంపెనీ పెట్టింది కనుక ఆసుపత్రివాళ్లు నాకిచ్చిన జాబితాలో దాన్ని రాయలేదు, ఐదే రాశారు. బోర్డు ఉన్న రెండో అంతస్తు బొత్తాలకు గుమ్మం అవసరం లేదు కనుకే విచారణలో అవి మోగాయి. నేను పాత రూటర్‌లో ఏముందో చదవకుండా జాబితా చూసి ఐదు గుమ్మాలు కట్టాను. ఐదింటినీ పరీక్షించాను. పని పూర్తయిన పత్రం మీద, అన్ని నెట్‌వర్క్‌లూ సక్రమంగా పనిచేస్తున్నాయి అని రాసి సంతకం పెట్టాను. నేను సంతకం పెట్టింది మూడు గంటలకు. ఆ పంతులు గారు మొదటిసారి బొత్తాం నొక్కింది మూడు దాటి పన్నెండు నిమిషాలకు. ఆ సమయానికి నేను బహుశా రోడ్డు దాటి బస్టాపులో ఉండి ఉంటాను.

సంతకం పైనున్న ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. పైన గంట ఇంకా మోగుతోందని గుర్తొచ్చి, కొత్త గుమ్మాన్ని మూసేసి, రికార్డు నకలు తీసి రెండు చోట్ల భద్రం చేశాను.

ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ సాయంత్రానికి వచ్చారు. నేను చూపించినదంతా ఓపిగ్గా చూశారు. కేసు ముగిసిపోయిందని, ఆ కుటుంబం కూడా మరిచిపోయి ఉంటుందని, పాత పరికరం చెడిపోయి తప్పుడు సమయాలు చూపుతోందని రాసి ఆ ఆకుపచ్చ బొత్తాం నొక్కేస్తే అందరికీ మంచిదని అన్నారు. మీకు కూడా, అని నా వైపు చూసి చేర్చారు. నా పాత పత్రం నేనే చూపించాను కనుక ఆయనకు ఆ విషయం తెలుసు.

నిజం చెప్పాలంటే నేను వెంటనే కాదనలేదు. రెండేళ్లలో రిటైరవ్వాల్సిన మనిషిని. ముప్పై ఏళ్లలో ఒక్క మెమో కూడా లేని సర్వీసు. పద్మజ గారు అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. విచారణలో గంట ఎప్పుడూ మోగుతుందని వాంగ్మూలం ఇచ్చింది ఆవిడే.

"నేను కూడా చెప్పేశానండీ, మోగే ఉంటుందని," అన్నారు. "విననిది విన్నట్టు చెప్పాను. ఇవాళ విన్నాను. ఇంక నేను ఆ మాట మీద నిలబడలేను."

ఆ రాత్రి ఇంటికి వెళ్లి రిపోర్టు రాశాను. నాలుగు పేజీలు. మూడో పేజీలో నా సంతకం ఉన్న పాత పత్రం నకలు జతచేశాను. మర్నాడు మా మేనేజర్ చదివి, పంపే ముందు రెండు రోజులు ఆగమన్నారు. ఆగితే నేను పంపనని నాకు తెలుసు. ఆ రోజే ఆసుపత్రి యాజమాన్యానికి, కాపీ మా కంపెనీకి పంపాను.

రిపోర్టులో ఒక విషయం నాకు అర్థం కానిది ఉంది, అది కూడా రాశాను. డ్యూటీ డాక్టర్ పంతులు గారు మరణించినట్టు రాసిన సమయం మూడూ నలభై. పంతొమ్మిదో నొక్కుడు మూడూ యాభై రెండుకు నమోదైంది. మంచం కదిపేటప్పుడు తీగ ఎక్కడో ఒత్తుకుని ఉండవచ్చు. ఆయమ్మ తీగ చుట్టి కొక్కేనికి తగిలించేటప్పుడు వేలు తగిలి ఉండవచ్చు. డాక్టర్ గడియారం, పెట్టె గడియారం వేరు కావచ్చు. ఏది నిజమో తేల్చే ఆధారం నాకు దొరకలేదు. కారణం తెలియదు అని రాశాను.

విచారణ మళ్లీ తెరిచారు. అది నడిచిన రెండు నెలలూ ఆకుపచ్చ బొత్తాం ఎవరూ నొక్కకూడదని వార్డుకు సీలు వేశారు. నాలుగో అంతస్తు మెట్ల వైపు వెళ్లడానికి సిస్టర్లు ఇష్టపడేవాళ్లు కాదని ఖాజా గారు చెప్పేవారు.

ఈ మధ్యలో ఒక శనివారం ఖాజా గారితో కలిసి నేను యాప్రాల్ వెళ్లాను. విమల అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో మంచాన పడిన ఒక పెద్దావిడను చూసుకుంటోంది. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. ఆ ఇంటివాళ్ల బాల్కనీలో నిలబడే మాట్లాడాం. నేను ఎవరో, ఆ రోజు ఏం చేశానో, ఏం చేయకుండా వదిలేశానో మొదటి నుంచి చెప్పాను. కోప్పడుతుందని సిద్ధపడి వెళ్లాను.

"అంటే మోగలే," అన్నది చివరికి.

మోగలేదన్నాను.

"మోగిందేమో, నాకే ఇనపడలేదేమో అనుకున్న మేడం. ఎర్రగడ్డ దిక్కు పోయి చెవుల పరీక్ష సుత చేయించుకున్న. బాగనే ఉన్నయన్నరు. అయినా నమ్మలే. ఈ ముసలమ్మ పిలుస్తదేమో అని రాత్రి లేచి లేచి కూసుంట. పిలవకున్నా పిలిచినట్టే ఉంటది."

పంతులు గారు ఎన్నిసార్లు నొక్కారని అడిగింది. చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి పెద్దావిడకు దుప్పటి సరిచేసి వచ్చింది. నన్ను క్షమించానని అనలేదు, నేను అడగలేదు. టీ తాగి వెళ్లమని మాత్రం అన్నది.

విచారణ కమిటీ పాత తీర్పును కొట్టేసింది. విమలది తప్పు కాదని లిఖితంగా ఇచ్చి, ఉద్యోగంలోకి తిరిగి రమ్మంది. తప్పు నెట్‌వర్క్ మార్పులో జరిగిందని, దానికి బాధ్యులుగా నా పేరు, మా కంపెనీ పేరు, అసంపూర్ణ జాబితా ఇచ్చినందుకు ఆసుపత్రి ఐటీ విభాగం పేరు రాశారు. పంతులు గారి భార్య అప్పటికి లేరు. ఆయన కూతురిని పిలిచి విషయం చెప్పినప్పుడు నేనూ ఆ గదిలో ఉన్నాను. గంట మోగి ఉంటే నాన్న బతికేవాడా అని ఆమె అడిగింది. గుండె డాక్టర్ చెప్పలేమన్నారు. ఆమె నా వైపు తిరిగి, మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా అన్నది. అది మెచ్చుకోలో నిందో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వార్డు సీలు తీసిన రోజు పిలుపును రద్దు చేయాల్సి వచ్చింది. ఆ పని తాను చేస్తానని విమల అడిగిందట. కమిటీవాళ్లు ఒప్పుకున్నారు. నేను సెల్లార్‌లో అరవయ్యో వీలాన్ గుమ్మం తెరిచి, ఇంటర్‌కామ్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. రెండో అంతస్తు బోర్డు మోగింది. విమల నాలుగో అంతస్తు మెట్లెక్కి, వార్డు పొడవునా నడిచి ఆ గోడ దగ్గరికి చేరేంతసేపు మోగుతూనే ఉంది. తర్వాత ఆగింది. నా తెర మీద ఆ యంత్రం పంపిన ఆఖరి వరుస, పిలుపు రద్దు, హాజరైన సమయం. ఆ తర్వాత అది ఏమీ అడగలేదు. నేను ఒక పావుగంట చూశాను.

కంపెనీ నాకు మెమో ఇచ్చింది, మిగిలిన రెండేళ్లు బయటి పనులకు పంపకుండా ఆఫీసులో డాక్యుమెంటేషన్ విభాగంలో వేసింది. అన్యాయం అనిపించలేదు. ఆ రెండేళ్లలో మా ఇంజనీర్లు నింపే పని పూర్తి పత్రాన్ని నేను తిరగరాశాను. పాతదాంట్లో అన్నీ సక్రమంగా ఉన్నాయి అనే వాక్యం అచ్చయి ఉండేది, కింద సంతకం పెడితే సరిపోయేది. ఆ వాక్యం తీసేయించాను. మార్చబోయే పరికరంలో ఏముందో పరికరం నుంచే చదివి రాయాలి, ఎవరో ఇచ్చిన జాబితా నుంచి కాదు. పరీక్షించినవాటి పేర్లు ఒక్కొక్కటీ రాయాలి. దాని కింద మరో గడి పెట్టాను, పరీక్షించనివి. ఆ గడి ఖాళీగా వదిలిన పత్రాన్ని నేను ఒక్కటి కూడా ఆమోదించలేదు. కొత్త ఇంజనీర్లు విసుక్కునేవాళ్లు, పరీక్షించనిది ఏముందో మాకెలా తెలుస్తుంది మేడం అని. వెళ్లి వెతకమని చెప్పేదాన్ని.